ఫెన్సు వెనక కాగితం మందం

ముందే చెప్పేస్తాను, నేను కొన్న ఫెన్సు మంచిదే. ఈ రోజుకీ ఎవరైనా అడిగితే అదే కొనమంటాను. టేబుల్ సా అంటే ఇనుప బల్ల, దాని మధ్య చీలికలోంచి పైకి లేచి తిరిగే గుండ్రటి రంపం. చెక్కను నిలువుగా చీల్చేటప్పుడు పక్కన ఆనించి తోయడానికి బల్ల మీద ఒక ఇనుప గోడ ఉంటుంది. దాన్నే ఫెన్సు అంటాం. కోసేది రంపమే గానీ, కోత తిన్నగా వచ్చేదీ రానిదీ ఫెన్సు చేతిలో ఉంటుంది. మనిషి వేళ్లు ఉండేదీ ఊడేదీ కూడా దాని చేతిలోనే ఉంటుందని నాకు యాభై దాటాక తెలిసింది. నాకు తెలియడానికి ఇంకొకడి వేళ్లు ఖర్చయ్యాయి.

ఇప్పుడు మా మధురవాడలో కుర్రాళ్లు ఫోన్లో వీడియోలు చూసి చెక్కపని మొదలుపెడుతున్నారు. మంచిదే. మేడ మీద వాకింగు చేస్తుంటే ఆపి మరీ అడుగుతారు, "అంకుల్, ఏ ఫెన్సు తీసుకోమంటారు?" అని. ఆ జవాబు రెండు నిమిషాల పని. మిగతాది మేడ మీద నిలబడి చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, తిట్టుకోవలసిన విషయమే.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వైజాగు వచ్చాడు. నేనూ డిప్లొమా చదివి అదే గేటు లోపలికి పోదామనుకున్నాను. పోలేకపోయాను. ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో తేలాను. తలుపులు, కిటికీలు, తర్వాత తర్వాత అపార్ట్‌మెంట్ల వంటింటి అలమరలు చేసే షాపు. పద్దెనిమిది మందిమి. నేను ఇన్‌ఛార్జిని. పెద్ద ఫ్యాక్టరీలో పనిచేయలేదన్న లోటు నాలో ఎప్పుడూ ఉండేది. అందుకే షాపులో ఎవరికీ అర్థంకాని మాటలు వాడేవాణ్ని. ఎవరూ అడగని పనిముట్లు కొనేవాణ్ని. వెంట్రుకలో సగం తేడాని కూడా ముల్లు తిప్పి చూపించే డయల్ గేజి ఒకటి తెప్పించి, దాన్ని వెల్వెట్ గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నాను. నగ కూడా అలా దాచరు.

రంపం మీద పనిచేసేది సబ్బవరం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే మేస్త్రి. నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను ‘సార్’, ‘మీరు’ అనేవాడు, నేను ఆయన్ని ‘మేస్త్రీ’, ‘నువ్వు’ అనేవాణ్ని. అందులో తప్పేముందని అప్పట్లో ఎవరైనా అడిగితే నాకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు. ఆయన పల్లెలో రెండెకరాల రైతు కొడుకు. చదువు ఐదో తరగతి. చేతిలో మాత్రం ఎలాంటి పనితనమంటే, పదడుగుల టేకు పలకను చీల్చి రెండు ముక్కలూ పక్కపక్కన నిలబెడితే అంచుల మధ్య వెలుతురు దూరేది కాదు.

ఆ రోజుల్లో మా రంపానికి పాత రకం ఫెన్సు ఉండేది. ముందూ వెనకా రెండు చోట్ల బిగించాలి. ముందు బిగిస్తే వెనక కదిలేది, వెనక బిగిస్తే ముందు కదిలేది. మేస్త్రి దానికి తనదైన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. కావలసిన వెడల్పుకి ఒక చెక్కముక్క కోసుకునేవాడు. దాన్ని రంపం ముందు పన్నుకీ ఫెన్సుకీ మధ్య పెడితే ఒరుసుకుంటూ పట్టాలి. అదే ముక్కని వెనక పన్ను దగ్గర పెడితే, దాని పక్కన చింపిన క్యాలెండరు కాగితం ఒకటి దూరాలి. దూరేదాకా చెక్క సుత్తితో తట్టేవాడు. అంటే ఫెన్సు వెనక వైపు కాగితం మందం ఎడంగా ఉండాలన్నమాట.

ఎందుకని ఒకసారి అడిగాను.

"కోత తెగినాక సెక్కకి ఊపిరాడాల సార్" అన్నాడు. "ఎనకాల ఇరుకైపోయిందనుకోండి, రంపం ఎనక పళ్లు దాన్ని అట్టీసుకుంటాయి. అట్టుకుంటే ఊరుకుంటాయేటి? మన మీదకే ఇసిరీత్తాయి."

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే ముందు గుర్తొస్తుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఏ పుస్తకంలో చూసినా అదే ఉంటుంది. కానీ క్యాలెండరు చింపుకుని పనిచేసేవాడి దగ్గర నేర్చుకోవడానికి నా డిప్లొమా ఒప్పుకోలేదు.

కొత్త ఫెన్సు కొందామని ఓనరుని ఒప్పించింది నేనే. మూడు రకాలు చూశాను. అల్యూమినియంది తేలిగ్గా, మెరుస్తూ ఉంది గానీ, చివర వేలితో నొక్కితే వంగింది. మన దగ్గరే వెల్డింగు చేయించింది గట్టిదే, కానీ దాని ముఖం తిన్నగా లేదు, స్కేలు ఆనిస్తే మధ్యలో పల్లం కనపడింది. మూడోది బరువైన స్టీలుది. ముందు వైపు ఒక్క లివరు వేస్తే చాలు, పొడవునా తనంతట తనే రంపానికి సమాంతరంగా నిలబడి బిగుసుకుంటుంది. కొనేటప్పుడు లివరు వేసి చివర్న గట్టిగా నెట్టి చూడండి, కదలకూడదు. అది కదల్లేదు. అదే తెచ్చాను. ఈ మాత్రం తెలివి నాకుందని మీరు ఒప్పుకోవాలి.

ఫెన్సు బిగించిన రోజు షాపంతా చుట్టూ మూగింది. బల్ల మీద రంపానికి పక్కగా పొడవునా ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో డయల్ గేజి పెట్టి ఫెన్సు వెంట ముందు నుంచి వెనక్కి జరిపాను. ముల్లు కదల్లేదు. సున్నా. ఓనరు నా భుజం తట్టాడు. మేస్త్రి కూడా లివరు నాలుగుసార్లు వేసి తీసి ముచ్చటపడ్డాడు.

"బాగుంది సార్. శానా బాగుంది. ఎనకాల మాత్రం కాగితం మందం ఒగ్గీండి, సాలు."

"ఇది నీ పాత ఫెన్సు కాదు మేస్త్రీ. కాగితాలు పెట్టుకునే రోజులు పోయాయి" అన్నాను, అందరూ వినేలా.

కొందరు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నేను చేసిన పని ఒకటుంది. ఫెన్సు తల దగ్గర దాని వాలు మార్చే మరలు నాలుగుంటాయి. అవి తిప్పే ఎలెన్ కీని నా టేబులు సొరుగులో పెట్టి తాళం వేశాను. నా సున్నాని ఎవరూ చెడగొట్టకూడదు కదా. పాత ఫెన్సుతో ఆయనకి అనుమానం వస్తే సుత్తితో ఒక్క దెబ్బ వేసుకునేవాడు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చి అడగాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, అలా ఉండేది నా వరస.

సున్నా తప్పని నేననడం లేదు. చాలామంది సున్నాకే పెడతారు. కాకపోతే అందులో పొరపాటుకి చోటు ఉండదు. కాగితం మందం ఖాళీ ఉంటే రేపు ఏ కొంచెం అటూ ఇటూ అయినా అది భరిస్తుంది. సున్నా ఏదీ భరించదు. ఈ నాలుగు మాటలూ రాయడానికి నాకిన్నేళ్లు పట్టింది.

ఆరు నెలలు ఏ గొడవా లేకుండా గడిచింది. తర్వాత ఆర్డర్లు తగ్గాయి. మధురవాడ బిల్డర్లు ఇద్దరు రెడీమేడ్ తలుపులకి మళ్లిపోయారు. ఓనరు ఎక్కడి నుంచో ఒక వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఆయన షెడ్డంతా తిరిగి రంపం దగ్గర ఆగాడు. రంపం యముడి దిక్కు చూస్తోందట, అందుకే వచ్చే బేరం వచ్చినట్టే తెగిపోతోందట. తూర్పు ముఖం చేయమన్నాడు. దసరాలో ఆయుధపూజకి రెండు రోజుల ముందే, పొద్దున్న పది ముప్పావు లోపల తిప్పేయాలన్నాడు.

బరువులెత్తే కలాసీలు నలుగురు వచ్చేసరికే పదీ ఇరవై దాటింది. మిషను బరువు మీకు తెలుసు. కింద ఇనుప పెట్టె, అందులో మోటారు, రంపం ఇరుసు. పైన బల్ల. బల్లకీ పెట్టెకీ మధ్య నాలుగు బోల్టులు. గడ్డపార వేస్తే పెట్టె అడుగున వేయాలి. వాళ్లు అందుబాటులో ఉందని బల్ల అంచు కింద వేశారు.

మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. "బల్లకి ఎట్టకండి బావా! కింద పెట్టికి ఎట్టండి. బల్ల కదిలిపోద్ది."

కలాసీలు నా వైపు చూశారు. ఓనరు గడియారం చూశాడు. "ముహూర్తం దాటిపోతోంది, కానీండి కానీండి" అన్నది నేనే. వాస్తు మీద నాకు నమ్మకం కూడా లేదు. ఓనరు ముందు చురుగ్గా కనపడదామని అన్నాను.

గడ్డపారలతో ఎత్తి ఎత్తి తిప్పారు. మిషను తూర్పుకి తిరిగింది. రెండు రోజుల తర్వాత పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, గుమ్మడికాయ అన్నీ అయ్యాయి. పండగ వెళ్లాక పని మొదలుపెట్టే ముందు నేను వెల్వెట్ గుడ్డ విప్పాను. గాడిలో గేజి పెట్టి ఫెన్సు చూశాను. సున్నా. "చూశావా మేస్త్రీ, ఇంత తిప్పినా చెక్కు చెదరలేదు" అన్నాను.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, నా ఉద్యోగం మొత్తంలో మీకు పనికొచ్చేది ఇదొక్కటే. గాడి ఉండేది బల్ల మీద. ఫెన్సు ఉండేదీ బల్ల మీదే. బల్ల కదిలితే రెండూ కలిసే కదులుతాయి, కాబట్టి వాటి మధ్య కొలత ఎప్పటికీ సున్నాయే చూపిస్తుంది. రంపం మాత్రం కింద పెట్టెలో, పాత చోటనే ఉంటుంది. ముందు గాడికీ రంపానికీ చూడాలి. ఆ తర్వాతే ఫెన్సు. ఇది నాకు తెలియనిది కాదు. కొత్తగా బిగించినప్పుడు చూశాను కూడా. రెండోసారి చూడలేదు. పది నిమిషాల పని.

మధ్యాహ్నానికల్లా మేస్త్రి ఒక పలక తీసుకొచ్చి నా టేబులు మీద పెట్టాడు. ఫెన్సు వైపు అంచు పొడవునా నల్లగా మాడింది.

"సెక్క మాడతంది సార్. వాసన సూడండి. తోత్తంటే ఎనకాల బిగుసుకుంతంది. ఆ కీ ఓపాలి ఇవ్వండి, కాగితం మందం ఎడం సేసీసి తెచ్చిచ్చీత్తాను."

"రంపం పదును పోయుంటుంది. మార్చు."

"మొన్ననే కదా సార్ సానపట్టి ఎక్కించినాం, పూజకి."

"అయితే నువ్వు మెల్లగా తోస్తున్నావు. గేజి అబద్ధం చెప్పదు మేస్త్రీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెయ్యి నెమ్మదిస్తే ఫెన్సునంటావేం?"

ఆయన ముఖం మాడిపోయింది. ఇరవై రెండేళ్లుగా రంపం మీద ఉన్నవాడిని ఆ మాట అన్నాను. పలక తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. ఆ కీ నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులోనే ఉంది. ఇస్తే ఏం పోయేది? నా మాట పోయేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను.

మర్నాడు పొద్దున్న, టీ రాకముందు, ఒక చప్పుడు వినపడింది. చెక్క గోడకి తగిలిన చప్పుడు. అరుపు ఏమీ లేదు. నేను వెళ్లేసరికి ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని మిషను పక్కన కింద కూర్చుని ఉన్నాడు. వెనక పళ్లు పలకను పట్టి విసిరాయి. దాని మీద ఆనించిన చెయ్యి రంపం మీదకి జారింది. మూడు వేళ్లు. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏదైనా అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆటోలో ఆస్పత్రికి పంపించి, మిగతావాళ్లని ఇంటికి పొమ్మన్నాను. షెడ్డులో ఒక్కణ్నే గేజి తీశాను. ఈసారి గాడి నుంచి రంపానికి పెట్టాను. ముందు పన్ను దగ్గర సున్నా. వెనక పన్ను దగ్గర ముల్లు గిర్రున తిరిగింది. కాగితం కాదు, పెళ్లి కార్డు అట్ట మందం ఉంది తేడా. వెనక పళ్లు ఫెన్సు మీదకి వాలి ఉన్నాయి. చెక్క లోపలికి వెళ్లేకొద్దీ ఇరుకైపోయే సందులోకి ఆయన ముందురోజు నుంచీ పలకలు తోశాడు.

నాలుగు బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో బల్లని తట్టి సరిచేశాను. ఇంకెవరికీ దెబ్బ తగలకూడదనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వెనక నుంచి గొంతు వినపడింది. మా షాపులో తలుపులకి గరుకు కాగితం పట్టే పెద్దావిడ, టిఫిను డబ్బా మరిచిపోయి తిరిగొచ్చింది.

"ఏటి బాబూ, ఇప్పుడు సరి సేత్తన్నారా?" అంది. అంతే. డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మిషను చూశాడు, సరిగ్గా ఉంది. ఉండదా మరి! ప్రమాదం మీద ఇన్‌ఛార్జి వాంగ్మూలం రాయమన్నారు. పనివాడు రంపాన్ని పైన కప్పి ఉంచే గార్డు లేకుండా పనిచేస్తున్నాడని రాశాను. నిజమే, షాపులో ఎవరూ గార్డు వాడేవారు కాదు, నాకు తెలిసే. చెయ్యి బదులు తోయడానికి కర్ర వాడలేదని రాశాను. అదీ నిజమే. ముందురోజు పని విషయమై నాతో మాట పట్టింపు వచ్చి పరధ్యానంగా ఉన్నాడని రాశాను. ఎవరు కాదనగలరు? ఆ వాంగ్మూలంలో అబద్ధం ఒక్కటి లేదు. నిజాలే ఏరి ఏరి రాశాను. బల్ల సంగతి రాయలేదు. కింద సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుందని ఓనరు ఎప్పుడూ మెచ్చుకునేవాడు.

ఓనరు ఆస్పత్రి బిల్లు కట్టాడు. ఆ పైన నష్టపరిహారం అడగడానికి వచ్చినవాళ్లకి నా కాగితం చూపించి పంపించాడు. మేస్త్రి మళ్లీ షాపుకి రాలేదు. ఆ ఫెన్సు మీద ఇంకొకతను పనిచేశాడు. నేను రిటైరయ్యేదాకా దాన్ని నెలకోసారి చూస్తూనే ఉన్నాను, ముందు గాడికీ రంపానికీ, తర్వాత ఫెన్సుకి. వెనక కాగితం మందం వదిలేవాణ్ని. ఎవరూ ఎందుకని అడగలేదు.

రిటైరయ్యాక, పోయిన ఏడాది, సబ్బవరం బస్సెక్కాను. ఆయన ఒక కొత్త లేఔటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడని ఎవరో చెప్పారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి నాకే వేశాడు. నేను ఇంట్లో ఎన్నోసార్లు అనుకున్న మాటలు గబగబా చెప్పేశాను. బల్ల జరిగిందని, చూడలేదని, తర్వాత సరిచేసి కప్పెట్టానని. నా మీద నాకే జాలి కూడా వేసింది, సిగ్గులేకపోతే సరి.

"నాకు తెల్సు సార్" అన్నాడు ఆయన.

"ఎలా?"

"ఆ సెక్క నా సేతిలో ఉన్నాది కదా. ఏ పక్క నుంచి అట్టీసిందో నాకు తెలవదేటి?" అని, "నాకు సెప్పడానికి ఇంత దూరం ఒచ్చినారేటి సార్? తెలవనోళ్లకి సెప్పండి. మా ఇంటిది కేరేజీ అట్టుకొని ఒత్తాది ఇప్పుడు. దానికి సెప్పండి. ఇన్నేళ్లై నన్ను ఇంట్లో కత్తి ముట్టుకోనివ్వదు. కొబ్బరికాయ కొడతానన్నా లాగీసుకుంటాది. నీకు సేతి మీద ద్యాస ఉండదంటాది. మనవడికి సెక్కతో బండి సేత్తానంటే, ఆణ్ని ఎత్తుకొని లోపలికెళ్లిపోద్ది" అన్నాడు.

కోపంగా అనలేదు. వేళ్లు పోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని, గేటు వైపు చూస్తూ అన్నాడు. ఆయనకి నేను లేకుండా చేసింది ఏమిటో అప్పుడు నాకు సరిగ్గా తెలిసింది.

ఆవిడ వచ్చింది. సన్నగా, చెమటతో ఉంది. నేనెవరో ఆయన చెప్పాడు. ఆవిడ కొంగు సర్దుకుని దండం పెట్టింది.

"అమ్మా, ఆ రోజు జరిగినదాంట్లో మీ ఆయన తప్పు లేదు" అన్నాను.

"మరెవల్దండి?"

"మిషను కాస్త పక్కకి జరిగిందమ్మా."

చూశారా, అప్పుడు కూడా.

"మిషను దానంతటదే జరుగుతాదేటండి?"

"లేదమ్మా. నేనే జరిపించాను. ఆయన వద్దన్నా వినలేదు. చెక్క మాడుతోందని చెప్పినా వినలేదు. ఆ తర్వాత కాగితం మీద ఆయనదే తప్పన్నట్టు రాశాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే వెళ్లాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. మొగుడి వైపు తిరిగింది.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"మరి ఇన్నేళ్లు నాకెందుకు సెప్పలేదు?"

"సెప్పినాను" అన్నాడు ఆయన. "ఆస్పత్రి మంచం మీదే సెప్పినాను. సార్ అంత సదువుకున్నోడు, సంతకం ఎట్టి ఇచ్చినాడు, ఆయన అబద్దం ఎందుకు రాత్తాడని నువ్వే అన్నావు."

ఆవిడ కింద కూర్చుని కేరేజీ గిన్నెలు విడదీసి, అన్నంలో పులుసు పోసి, కలిపి ఆయన ముందు పెట్టింది. ఆయన తినకుండా ఆవిడనే చూస్తున్నాడు.

"మీకు బస్సు ఎన్నింటికండి?" అంది ఆవిడ, నా వైపు తలెత్తకుండానే.

బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. "ఇప్పుడేనమ్మా" అని చెప్పి లేచాను.